సిలికాన్ ట్యూబు కొనే ముందు

అరకులో ముసురు పట్టి రెండు రోజులైంది. మీ కారవాన్ బానెట్ ఎత్తి చూశారు. ఇంజిన్ మీద నీళ్లు, వైరింగ్ మీద నీళ్లు, బ్యాటరీ పక్కన చిన్న మడుగు. మనలో చాలామందికి వెంటనే తోచేది ఒకటే: ఎక్కడో సందు పడింది, దాన్ని పూడ్చెయ్యాలి. షెడ్డుకు తీసుకెళ్తే అక్కడా అదే మాట వినిపిస్తుంది. ‘సిలికాన్ కొట్టేస్తే సరిపోద్ది సార్.’ చిన్న ట్యూబు, పావుగంట పని, ఏదో చేశామన్న తృప్తి. తర్వాతి వానకు నీళ్లు మళ్లీ వస్తాయి. ఈసారి ఇంకో మూల నుంచి.

ఈ అధ్యాయం ఆ తొందర గురించి. బండిలో నీళ్లు నిలిచాయంటే చాలాసార్లు కారణం కొత్తగా పడిన సందు కాదు, మొదటి నుంచీ ఉండి ఇప్పుడు మూసుకుపోయిన దారి. బండి తయారుచేసినవాళ్లు నీళ్లు లోపలికి రావని అనుకోలేదు. వస్తాయని తెలిసే, పోవడానికి దారులు పెట్టారు. ఆ దారులు పూడిపోయిన బండికి పైనుంచి సిలికాన్ పూస్తే, వచ్చిన నీరు పోయే చోటు లేక లోపలే నిలుస్తుంది. పూడ్చడం రెండో పని, పోనివ్వడం మొదటి పని.

ముందు ఒక భయం తీర్చుకుందాం. ఇంజిన్ గదిని ఎవరూ నీరు చొరని పెట్టెగా తయారుచెయ్యరు. రేడియేటర్‌కు గాలి తగలాలి కాబట్టి ముందువైపు తెరిచే ఉంటుంది, కిందంతా నేలకు తెరిచే ఉంటుంది. ఘాట్ ఎక్కుతూ ఎదురువానలో నడిచిన బండిలో ఇంజిన్ బ్లాకు తడిస్తే అది లోపం కాదు. పది నిమిషాల్లో ఆ వేడికే ఆరిపోతుంది, పొగలాగా ఆవిరి లేస్తుంది, ఒకసారి బెల్టు కీచుమంటుంది, అంతే. పట్టించుకోవాల్సిన తడి వేరు. బండి ఆగి ఉన్నప్పుడు పైనుంచి కారే నీరు, ఫ్యూజ్ బాక్సు మీద, కనెక్టర్ల మీద, ఆల్టర్నేటర్ మీద ఒకే చోట బొట్టుబొట్టుగా పడే నీరు, ఆరకుండా నిలిచే నీరు. తడిసిందా అని కాదు, ఎక్కడ నిలిచింది అని చూడాలి.

ఏజెన్సీ రోడ్ల మీద దశాబ్దాలు తిరిగిన పాత కమాండర్, ట్రాక్స్ జీపులు వానకు జంకేవి కావు. బానెట్ సగం ఊడినా, తాడుతో కట్టినా సంతకు చేరేవి. వాటిలో డీజిల్‌ను పంపు, నాజిళ్లు యంత్రబలంతోనే చిమ్ముతాయి. ఒకసారి స్టార్టయ్యాక ఇంజిన్‌కు కరెంటుతో పెద్దగా పనుండదు. ‘మా తాత జీపుకు ఈ బాధలేవీ లేవు’ అనేవాళ్లు అబద్ధం చెప్పడం లేదు, బండి మారిందని మరిచిపోతున్నారు. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్-6 డీజిల్ బండిలో కంప్యూటరు ఆడితేనే ఇంజిన్ ఆడుతుంది. ఇంధన పీడనం, గాలి పరిమాణం, పొగలోని వాయువులు, అన్నిటికీ సెన్సర్లు. ప్రతి సెన్సర్‌కూ ఒక కనెక్టరు. ప్రతి కనెక్టర్‌లోనూ సన్నటి పిన్నులు. అందులో ఒక పిన్ను పచ్చగా చిలుము పడితే చాలు, డ్యాష్‌బోర్డు మీద ఇంజిన్ లైటు వెలుగుతుంది, బండి బలం తగ్గించుకుని గాలికొండ మలుపుల్లో మొరాయిస్తుంది.

మన దగ్గర కారవాన్‌గా మారి కనిపించేవాటిలో ట్రావెలర్ వ్యాన్లు ఎక్కువ. 1987లో బజాజ్ టెంపో జర్మనీ మెర్సిడెస్ వ్యాను నమూనా మీద తెచ్చిన బండి అది, ఇప్పుడు ఫోర్స్ పేరుతో నడుస్తోంది. దాని ముక్కు పొట్టిది. ఇంజిన్ కొంత ముక్కులో, కొంత డ్రైవర్ పక్కన బానెట్ పెట్టె కింద ఉంటుంది. పాత బస్సుల్లో సీటు దొరకనివాళ్లు కూర్చునే బానెట్ గుర్తుంది కదా, అదే ఏర్పాటు. అంటే మీ ఇంజిన్ గదికీ మీరు పడుకునే గదికీ మధ్య ఒక మూత, ఒక రబ్బరు బీడింగ్ మాత్రమే అడ్డు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, చివర్లో దీనితో పని ఉంది.

ఇక వెతుకులాట. మొదటి ప్రశ్న: అసలు అది వాన నీరేనా? డిసెంబరు, జనవరుల్లో అరకులోనూ లంబసింగిలోనూ ఆకాశం నిర్మలంగా ఉన్నా తెల్లారేసరికి బానెట్ లోపలి రేకంతా ముత్యాలు పోసినట్టు నీటిబొట్లు పట్టి ఉంటాయి. చల్లబడ్డ రేకుకు తేమగాలి తగిలితే పట్టే మంచు అది. ఎంత సిలికాన్ పూసినా ఆగదు, ఆపాల్సిన పనీ లేదు. ఆ బొట్లు రేకంతా సమంగా పరుచుకుని ఉంటాయి. కారిన నీటికైతే ఒక చార ఉంటుంది, చార చివర మురికి ఉంటుంది. చార ఉందా లేదా అన్నది తేల్చుకున్నాకే తర్వాతి పని.

రెండో ప్రశ్న ఇంకా తేలిక, అయినా దాదాపు ఎవరూ అడగరు: రాత్రి బండి ముక్కు ఎటు ఉంది? కొండల్లో చదునైన చోటు దొరకడం కష్టం. అనంతగిరి దగ్గరైనా, పాడేరు దారిలోనైనా, ఒక పక్కకో ఒక వైపుకో వాలు తప్పదు. కారవాన్ పైకప్పు బల్లపరుపుగా ఉంటుంది. దాని మీద ఏసీ పెట్టె, సోలార్ పలకలు, సామాను కడ్డీలు. ముక్కు దిగువకు పెట్టి నిలిపితే, కప్పు మీద పడ్డ వానంతా ముందుకు పారి, అద్దం మీదుగా దిగి, వైపర్ల కింది జాలీలో పడుతుంది. మామూలు వ్యానుకు ఆ జాలీలో పడేది అద్దం మీది నీరే. మీ బండికి ఒక చిన్న ఇంటి కప్పు నీరంతా అక్కడే దిగుతుంది. కాబట్టి పైసా ఖర్చులేని మొదటి మందు: వానలో నిలిపేటప్పుడు ముక్కు కొంచెం ఎగువకు ఉండేలా పెట్టండి, చక్రాలకు రాళ్లు ఒత్తు పెట్టండి. మర్నాడు ఇంజిన్ గది పొడిగా ఉంటే సగం సమస్య తేలినట్టే. నీరు పైనుంచి, ముందు నుంచి దిగుతోంది. ఇక చక్రాల గూళ్లలోనో, బానెట్ అంచు రబ్బరులోనో వెతుక్కోవాల్సిన పని లేదు.

ఆ జాలీ సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే కొండల్లో పదిలో ఏడెనిమిది బండ్లకు జబ్బు అక్కడే ఉంటుందని నా నమ్మకం. జాలీ కింద రేకు కాలువ ఉంటుంది. దాని రెండు కొసలా నీరు దిగిపోవడానికి రంధ్రాలు, కొన్నిటికి రబ్బరు గొట్టాలు. పల్లపు ప్రాంతంలో ఈ కాలువ ఏళ్ల తరబడి ఎవరూ చూడకపోయినా పనిచేస్తుంది. మన్యంలో పనిచెయ్యదు, కారణం చెట్టు. అల్లూరి సీతారామరాజు జిల్లా కాఫీతోటలకు నీడనిచ్చేవి ఎక్కువగా సిల్వర్ ఓక్ చెట్లు, వాటి కాండాలకే మిరియాల తీగలు ఎగబాకుతాయి. సందర్శకులకు బండి నిలపడానికి ఎంతో ఇష్టమైన చోటూ ఆ నీడే. సిల్వర్ ఓక్ ఆకు ఈకలా సన్నటి చీలికలుగా ఉంటుంది. ఎండి రాలాక ఆ చీలికలు జాలీ సందుల్లోంచి సులువుగా లోపలికి జారతాయి. అంజోడ పైన్ తోటల దగ్గర నిలిపితే పైన్ సూదులు అంతకన్నా సులువుగా దూరతాయి. దీనికి తోడు ఇక్కడి ఎర్రమన్ను. తూర్పు కనుమల్లో విరివిగా ఉండే ఖోండలైట్ రాయి వానకూ ఎండకూ శిథిలమై జిగట మట్టిగా మారుతుంది. లారీ పక్కనుంచి వెళ్తే ఆ మట్టి అద్దం దాకా చిమ్ముతుంది. ఆకు చీలికలు, సూదులు, ఎర్రమట్టి కలిసి కాలువ కొసన గట్టి ముద్దై కూర్చుంటాయి. అప్పుడు కాలువ నిండి, హీటర్ గాలి గొట్టంలోంచో, వైపర్ ఇరుసు రబ్బరు పక్కనుంచో పొర్లి నేరుగా ఇంజిన్ మీద, డ్రైవర్ కాళ్ల దగ్గర పడుతుంది. చూసేవాడికి అది ‘లీకు’.

బాగుచెయ్యడానికి కావాల్సింది జాలీ విప్పడానికి ఒక స్క్రూడ్రైవరు, చేతులు, ఒక చెంబు నీళ్లు. ముద్దను చేత్తో బయటికి తియ్యండి. ఇనుప తీగతో లోపలికి పొడవకండి, రబ్బరు గొట్టం చిరుగుతుంది, ముద్ద ఇంకా కిందికి దిగి బిగుసుకుంటుంది. మెత్తటి ప్లాస్టిక్ గొట్టమో, నైలాన్ తీగో నయం. తర్వాత చెంబుతో నీళ్లు పోసి, పోసినంత వేగంగానూ కింద చక్రం వెనక నుంచి కారుతున్నాయో లేదో వంగి చూడండి. రెండు పక్కలా చూడాలి. ఒక పక్క బాగుంటే రెండోదీ బాగుంటుందనుకోవడం మన సోమరితనం.

కాలువ శుభ్రంగా ఉండి కూడా నీరు వస్తుంటే, అప్పుడు సందుల వేట. ఇక్కడ నీరు చేసే మాయ తెలియాలి. బొర్రా గుహల్లో నిలబడితే తల మీద బొట్టు పడుతుంది. ఆ వాన కొండ మీద ఎక్కడ పడిందో, సున్నపురాతి పగుళ్ల వెంట ఎంత దూరం నడిచి వచ్చిందో కింద నిలబడ్డవాడికి తెలియదు. బండిలోనూ అంతే. బొట్టు పడే చోటుకూ నీరు చొరబడే చోటుకూ మధ్య మూరల దూరం ఉండొచ్చు. సోలార్ వైరు కోసం పైకప్పుకు పెట్టిన రంధ్రంలోంచి దూరిన నీరు, ఆ వైరునే పట్టుకుని అద్దం పక్క స్తంభంలోంచి దిగి, ఇంజిన్ గోడ దగ్గర రాలుతుంది.

కారవాన్‌గా మార్చిన బండిలో నేను మొదట అనుమానించేది కంపెనీవాళ్లను కాదు, తర్వాత డ్రిల్లు పట్టినవాళ్లను. రెండో బ్యాటరీకి, ఇన్వర్టర్‌కు, వెనక కెమెరాకు, అదనపు లైట్లకు ఇంజిన్ గోడకు రంధ్రాలు పెడతారు. ప్రతి రంధ్రంలో రబ్బరు గ్రోమెట్ ఉండాలి, వైరు లోపలికి వెళ్లే ముందు కిందికి ఒక వంపు తిరిగి పైకి లేవాలి, అప్పుడు నీరు ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. ఈ వంపుకు అయ్యే ఖర్చు జానెడు వైరు. అదే పెట్టరు. మన దేశంలో మోటార్ కారవాన్లకు ఏఐఎస్-124 అనే ప్రమాణం ఉంది. బండి రూపురేఖలు ఇష్టం వచ్చినట్టు మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షనూ చెబుతోంది. కాగితాల సంగతి అలా ఉంచినా, ఎన్ని రంధ్రాలు ఎక్కడెక్కడ పెట్టారో బిల్డర్ దగ్గర బొమ్మ గీయించుకుని దాచుకోండి. వానరోజు అది మీ ఆర్సీ కన్నా ఎక్కువ పనికొస్తుంది.

పరీక్ష ఇలా చెయ్యాలి. ఎండ ఉన్న రోజు, బండి పూర్తిగా చల్లారాక, ఇద్దరు కావాలి. ఒకరు పైపుతో నీళ్లు పట్టాలి, ఇంకొకరు లోపల టార్చితో చూడాలి. అనుమానమున్న చోట్ల రేకు మీద పొడి పౌడరు పల్చగా చల్లండి. నీరు నడిచిన దారి గీత గీసినట్టు కనిపిస్తుంది. ఇంట్లో ముగ్గుపిండి ఉంది కదా అని అది చల్లకండి, అందులో ఉండేది రాతిపొడి, బెల్టులూ బేరింగులూ అరుగుతాయి. టాల్కమ్ పౌడర్ మేలు. నీళ్లు కింది నుంచి మొదలుపెట్టి పైకి రావాలి. ఒక్కో చోట ఐదు నిమిషాలైనా ఓపికపట్టాలి. పైనుంచి మొదలుపెడితే నీరు అన్ని సందుల మీదుగానూ పారుతుంది, ఏది దొంగో తేలదు. ప్రెషర్ వాషర్ మాత్రం ముట్టుకోకండి. వానకు తట్టుకునే రబ్బర్లు దాని ధాటికి తట్టుకోవు, లేని లీకులు పుడతాయి.

దారి దొరికాక మాత్రమే ట్యూబు. అదీ ఏ ట్యూబో చూసి. మూత తీస్తే వెనిగర్ వాసన ఘాటుగా వచ్చే సిలికాన్ ఆరేటప్పుడు ఆమ్లం వదులుతుంది. గీతలు పడ్డ రేకుకూ రాగి వైర్లకూ అది తుప్పుకు ఆహ్వానం. వాసన లేని న్యూట్రల్ రకం అడగండి. అద్దం అంచులకు పీయూ సీలెంట్, పైకప్పు ఫ్రేముల కింద బ్యూటైల్ టేపు. రెండు ముద్దలు కలిపి పిసికే ఎపాక్సీ రాయిలా గట్టిపడుతుంది, ఘాట్ కుదుపులకు పగులుతుంది, కదిలే చోట్ల వద్దు. ఏ సీలెంట్ అయినా తడి మీద, మట్టి మీద, పాత సిలికాన్ మీద అంటదు. గీకి, తుడిచి, ఆరబెట్టి పూసి, ఒక రోజు ఆరనివ్వాలి.

జూలైలో అరకు ఆకాశం మీకు ఆ ఒక రోజు ఇస్తుందా? ఇవ్వదు. అందుకే ఈ రాత్రి పనినీ రేపటి పనినీ విడదీసుకోవడం నేర్చుకోవాలి. నా దృష్టిలో కారవాన్ యజమానికి ఉండాల్సిన ముఖ్యమైన గుణం అదే. వాన కొడుతుంటే, పిల్లలు ఆకలంటుంటే, ‘ఏవండీ, రేపు స్టార్టవుతుందా?’ అని లోపలి నుంచి ప్రశ్న వస్తుంటే, ఆ క్షణంలో శాశ్వత మరమ్మతు చేసెయ్యాలనిపిస్తుంది. బిల్డర్‌ను తిట్టాలనిపిస్తుంది. రెండూ ఆ రాత్రికి అక్కరలేనివి. ఈ రాత్రి పని మూడు ముక్కలు: ముక్కు ఎగువకు తిప్పడం, కాలువ తియ్యడం, అద్దం మీద నుంచి బానెట్ మీదుగా ఒక బరకం కప్పి తాళ్లు కట్టడం. ఇంజిన్ చల్లారాకే కప్పాలి, తెల్లారి తీసేశాకే స్టార్ట్ చెయ్యాలి. అసలు మరమ్మతు శృంగవరపుకోటలోనో, విజయనగరంలోనో, విశాఖలోనో, కప్పున్న షెడ్డులో.

తడిసిన కనెక్టర్లను తెరిచే ముందు కరెంటు తియ్యాలి. కారవాన్‌లో అది ఒక వైరు విప్పితే పోదు. ఇంజిన్ బ్యాటరీ ఒకటి, ఇంటి బ్యాటరీ ఇంకొకటి, పగటిపూట సోలార్ పలక మూడోది. మూడూ తెంచాకే చెయ్యి పెట్టండి. పొడిగుడ్డతో అద్ది, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, ఆరాక రబ్బరు అంచుకు సిలికాన్ గ్రీజు పల్చగా రాస్తే చాలు. డబ్బాలో దొరికే నీటిని తరిమే స్ప్రేలు అప్పటికి గట్టెక్కిస్తాయి, అవి శాశ్వత రక్షణ కావు. బెల్టు మీద మాత్రం పడనివ్వకండి.

ఇప్పటిదాకా చెప్పింది పైనుంచి పడే నీరు. కింద నుంచి వచ్చేది ఇంకా ప్రమాదం. ఎగువన వాన పడితే గెడ్డ ఇట్టే పొంగుతుంది, ఇవతల ఎండ ఉన్నా సరే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు అరకు కాఫీతోటల్లో సిల్వర్ ఓక్ చెట్లు వేలాదిగా నేలకొరిగాయి, రోడ్లు తెగాయి. అలాంటి రోజుల సంగతి సరే, మామూలు శ్రావణమాసంలోనూ కల్వర్టు మీద నీరు పారుతుంటే లోతు కళ్లతో చూసి చెప్పలేం. గాలి పీల్చే గొట్టంలోకి నీరు వెళ్తే కథ మారుతుంది. డీజిల్ ఇంజిన్ సిలిండర్లో గాలిని పదహారు, పద్దెనిమిది రెట్లు కుదిస్తుంది. గాలి కుదించుకుంటుంది, నీరు కుదించుకోదు. పిస్టన్ పైకి రాలేక కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. నీళ్లలో బండి ఆగిపోతే గట్టు మీద నలుగురు చేరి, ‘ఓసారి సెల్ఫ్ కొట్టి సూడు బాబూ’ అంటారు. మంచి మనసుతోనే అంటారు. వినకండి. ఆ ఒక్క సెల్ఫే ఇంజిన్‌ను చంపుతుంది. బండిని తోయించి బయటికి తెచ్చి, ఎయిర్ ఫిల్టర్ విప్పి చూడండి. అది తడిగా ఉంటే తాళం తీసి జేబులో వేసుకుని టోయింగ్ బండిని పిలవండి. ఆయిల్ కొలిచే పుల్లకు పాలలాంటి తెల్లటి నురగ అంటినా అదే పని. మామూలు బీమా పాలసీల్లో ఇలా చెడిన ఇంజిన్‌కు పరిహారం రావడం కష్టం. ఇంజిన్ రక్షణ పేరుతో అదనపు కవరేజీ అమ్ముతారు, కొండలకు తిరిగేవాళ్లు అది తీసుకోవడం మంచిది.

ఇక ఆ బానెట్ మూత, రబ్బరు బీడింగ్. నీరు దూరిన సందులో పొగా దూరుతుంది. 2024 డిసెంబరులో కేరళలోని వడకరలో రోడ్డు పక్కన ఆగి ఉన్న కారవాన్‌లో ఇద్దరు చనిపోయి కనిపించారు. జనరేటర్ నుంచి వెలువడిన కార్బన్ మోనాక్సైడ్ నేలలోని సందు గుండా లోపలికి చేరిందని నిపుణుల పరీక్షలో తేలింది. రంగు లేదు, వాసన లేదు, నిద్రలోనే పోతారు. అరకు చలికి తలుపులూ కిటికీలూ బిగించి పడుకునేవాళ్లు ఇది మరీ గుర్తుపెట్టుకోవాలి. ఇంజిన్ గదిలో తడి కనిపించి, బానెట్ పెట్టె పక్కన కార్పెట్ కూడా చెమ్మగా ఉంటే, ఆ బీడింగ్ మార్చేదాకా లోపల మనుషులు పడుకుని ఉండగా ఇంజిన్‌గానీ జనరేటర్‌గానీ ఆడించకండి. కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి కొని మంచం దగ్గర పెట్టండి. అది పొగ అలారం కాదు, వేరే వస్తువు, చూసి కొనండి.

కారవాన్ కొనాలనుకుంటున్నవాళ్లకు ఒక మాట. ఎండాకాలంలో, కడిగి తుడిచి నిలబెట్టిన బండిని చూసి బయానా ఇవ్వకండి. జూలైలోనో ఆగస్టులోనో వెళ్లండి. వానలో రాత్రంతా బయట, ముక్కు దిగువకు నిలపమనండి. తెల్లారి మీరే బానెట్ ఎత్తండి. అందుకు అమ్మేవాడు ఒప్పుకోకపోతే ఆ బండి కొనకండి.